వార్తలను తూర్పారబట్టుట – రైతు నేర్వవలసిన విద్య



కళ్లములో నూర్చిన ధాన్యమును నేరుగా గాదెలో పోయు రైతు ఎవ్వడును లేడు. గాలి చూచి తూర్పారబట్టి, తాలును, పొట్టును వేరుచేసి, గట్టిగింజను మాత్రమే ఇంటికి చేర్చుకొనును. కాని అదే రైతు పత్రికలో చదివిన వార్తను, టెలివిజనులో విన్న మాటను, సెల్‌ఫోనులోనికి వచ్చిన బొమ్మను వచ్చినది వచ్చినట్లుగానే నమ్ముచున్నాడు. ఆ వార్తను నమ్మి పంట అమ్ముచున్నాడు, విత్తనము కొనుచున్నాడు, వోటు వేయుచున్నాడు. ధాన్యములో తాలు కలిసినచో నష్టము కొద్ది రూపాయలు. వార్తలో తాలు కలిసినచో నష్టము ఎంతవరకు పోవునో, దానిని ఏరివేయు ఉపాయములెవ్వియో ఈ పాఠములో తెలిసికొందము.

కోళ్ల రైతులను ముంచిన వదంతి

మన కళ్లయెదుట జరిగిన ఉదాహరణ చూడుడు. 2020వ సంవత్సరము ఆరంభమున కరోనా వ్యాధి వార్తలు వచ్చుచుండగా, కోడిమాంసము, గ్రుడ్లు తిన్నచో ఆ వ్యాధి సోకునని సెల్‌ఫోనులలో సందేశములు బయలుదేరినవి. వాటికి తోడుగా జబ్బు చేసిన కోళ్ల బొమ్మలు వచ్చినవి. ఆ మాట ఏ వైద్యుడు చెప్పినాడు, ఏ పరీక్షాశాలలో తేలినది అని ఆ సందేశములలో ఒక్క ముక్కయు లేదు. అయినను ఫిబ్రవరి, మార్చి నెలలలో జనము కోడిమాంసము కొనుట తగ్గించివేసిరి. షెడ్ల వద్ద ధర పెంపకపు ఖర్చుకన్న దిగువకు పడిపోయినది. కర్ణాటకలో కొందరు రైతులు మేత ఖర్చు భరింపలేక బ్రతికియున్న కోళ్లను గోతులలో పూడ్చివేసిరి.

నష్టము అంతటితో ఆగలేదు. కోడిమేతలో ఎక్కువ పాలు మొక్కజొన్నదే. కోళ్లు తగ్గినచో మేత తగ్గును. మేత తగ్గినచో మొక్కజొన్న కొనువారు తగ్గుదురు. ఒక్క కోడినైనను పెంచని మొక్కజొన్న రైతుకు, సోయాచిక్కుడు రైతుకు కూడ ఆ వదంతి దెబ్బ తగిలినది.

కోళ్ల ద్వారా ఈ వ్యాధి మనుష్యులకు సోకినట్లు ఆధారము లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రకటించినది. 2020 ఫిబ్రవరి 28న హైదరాబాదులో తెలంగాణ మంత్రులు సభావేదికపై కోడిమాంసము తిని చూపవలసి వచ్చినది. ఇంత చేసినను జనము భయము వెంటనే తీరలేదు. మే నెల నాటికి సరకు కొరతవలన కోడిమాంసము ధర తిరిగి పెరిగినది. కాని నష్టమునకు కోళ్లను అమ్మివేసి, షెడ్లు ఖాళీచేసిన రైతుకు ఆ ధర ఏమి ప్రయోజనము?

ఈ వదంతిని పంపినవారిలో రైతులు కూడ ఉన్నారు. వారు దుర్మార్గులు కారు. తన బంధువులు జాగ్రత్తపడవలెనను మంచి ఉద్దేశముతోనే ఒక్కొక్కడు పదిమందికి పంపినాడు. అబద్ధము వ్యాపించుటకు దురుద్దేశముగలవాడు ఒక్కడు చాలును. తక్కిన పని మంచివారే చేసిపెట్టుదురు.

అడుగవలసిన మూడు ప్రశ్నలు

ఏ వార్త విన్నను మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఈ మాట ఎవరు చెప్పుచున్నారు? పత్రికలో సంపాదకుని పేరు, ముద్రించినవారి పేరు, ప్రచురణకర్త పేరు అచ్చువేయుదురు. తప్పు వ్రాసినచో అడుగుటకు ఒక మనిషి, ఒక చిరునామా ఉన్నవి. చేతులు మారి వచ్చిన సెల్‌ఫోను సందేశమునకు అట్టి పూచీదారు లేడు. మీకు పంపినది మీ బావమరిదియే కావచ్చును. కాని వ్రాసినది ఆయన కాదు.

రెండవది: వారికి ఎట్లు తెలిసినది? కంటితో చూచినారా, రికార్డు చదివినారా, లేక ఎవరో అనగా విన్నారా? “నిపుణులు చెప్పుచున్నారు”, “విశ్వసనీయముగా తెలిసినది” అని మాత్రమే ఉన్నచో ఆ వార్తకు వేరు లోతుగా లేదని గ్రహింపవలెను.

మూడవది: మరెవరైనను ఇదే చెప్పుచున్నారా? పెద్ద సంగతి నిజముగా జరిగినచో ఒక్కచోటనే ఉండదు. రెండు మూడు పత్రికలలోను, ఆకాశవాణి వార్తలలోను, సంబంధిత శాఖ ప్రకటనలోను కనిపించును. అయితే ఒకే సందేశము పదిమంది పంపుట పది సాక్ష్యములు కానేరదు. ఒకే బావినీరు పది బిందెలలో వచ్చినట్లే అది.

వార్త, అభిప్రాయము, ప్రకటన

పత్రికలో అచ్చయినదంతయు ఒక జాతిది కాదు. “ఫలానా మార్కెట్టుకు ఈ దినము ఇన్ని బస్తాలు వచ్చినవి” అనుట వార్త. “ఈ ధర రైతుకు అన్యాయము” అనుట అభిప్రాయము. “మా మందు చల్లినచో దిగుబడి రెట్టింపు” అనుట డబ్బిచ్చి వేయించిన ప్రకటన. మూడింటికిని పత్రికలో చోటు ఉన్నది. ఒకదానిని మరొకటిగా భ్రమపడుటయే ప్రమాదము.

కొన్ని ప్రకటనలు వార్త వేషములో వచ్చును. అక్షరములు వార్తవలెనే ఉండును. ఒక రైతు బొమ్మ, అతని పొలము, అతని మాటలు ఉండును. ఏ మూలనో చిన్న అక్షరములలో “ప్రకటన” అనియో, “అడ్వర్టోరియల్” అనియో ఉండును. ఆ చిన్న అక్షరమును వెదకుట అలవాటు చేసికొనుడు. ఎన్నికల సమయమున ఈ రోగము మరింత ముదురును. 2009 ఎన్నికలలో అభ్యర్థులవద్ద డబ్బు పుచ్చుకొని వారి పొగడ్తలను వార్తలుగా వేసిరను ఆరోపణలు ఆంధ్రప్రదేశ్‌లోను, మహారాష్ట్రలోను గట్టిగా వినవచ్చినవి. భారత పత్రికా మండలి దీనిపై విచారించి 2010లో నివేదిక వెలువరించినది. ఒకే అభ్యర్థిని గూర్చి ఒకే పొగడ్త రెండు పత్రికలలో మాట పొల్లుపోకుండ కనిపించినచో అనుమానింపవలెను.

విత్తనములు, పురుగుమందుల విషయములో గోడమీది బొమ్మకన్న సంచిమీది చీటి ముఖ్యము. ధ్రువీకరణ విత్తనమునకు నీలిరంగు చీటి, మూలవిత్తనమునకు తెల్ల చీటి, ప్రజనక విత్తనమునకు పసుపుపచ్చ చీటి ఉండును. మొలక శాతము, పరీక్ష జరిపిన తేది, లాటు నంబరు చూడుడు. పురుగుమందు డబ్బాపై విషతీవ్రతను తెలుపు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగు గుర్తు, బ్యాచి నంబరు, గడువు తేది ఉండును. ప్రకటనలో మాటకు హద్దు లేదు; చీటిలోని మాటకు చట్టపు బాధ్యత ఉన్నది. కొన్నప్పుడు బిల్లు తీసికొని, చీటిని, ఖాళీ సంచిని పంట చేతికి వచ్చువరకు భద్రపరచవలెను. నష్టపరిహారము అడుగునాడు అవే మీ సాక్ష్యము.

వాన కబురును చదువు విధము

“ఈ ఏడు సాధారణ వర్షపాతము” అను శీర్షిక ప్రతి వేసవిలోను చూచుచుందుము. దాని అర్థమేమి? జూన్ నుండి సెప్టెంబరు వరకు దేశము మొత్తముమీద కురియు వాన దీర్ఘకాలపు సగటు సుమారు 87 సెంటీమీటర్లు. ఆ సగటులో 96 నుండి 104 శాతము వరకు కురిసినచో వాతావరణ శాఖ దానిని “సాధారణము” అనును. ఈ లెక్క దేశమంతటికిని, నాలుగు నెలలకును కలిపి వేసినది. మీ మండలములో జూలై నెలలో ఇరువది దినములు చినుకు పడక విత్తనము మాడిపోయినను దేశపు లెక్క సాధారణముగానే ఉండవచ్చును. అప్పుడు అంచనా తప్పినదని చెప్పలేము. మనము దానిని అడుగరాని ప్రశ్న అడిగితిమి.

అంచనా నిజముగా తప్పిన సంవత్సరములును ఉన్నవి. 2002లో దేశములో సగటుకు 101 శాతము వాన కురియునని శాఖ ముందుగా తెలిపినది. కురిసినది 81 శాతము మాత్రమే. ఆ ఏడు జూలైలో కురియవలసిన వానలో సుమారు సగమే కురిసి, దేశమంతట కరువు ఏర్పడినది. ఆ పిమ్మట శాఖ తన పద్ధతులను మార్చుకొనినది. అంచనా అనునది ప్రమాణపత్రము కాదు. లెక్కగట్టి చెప్పిన సంభావ్యత. దానిని అవతల పారవేయుటయు తప్పే, దానినే నమ్మి అప్పుచేసి మొత్తము భూమిలో ఒకే పంట వేయుటయు తప్పే.

విత్తుటకు, మందు చల్లుటకు, కోతకు మీకు కావలసినది ఋతువు అంచనా కాదు, రానున్న అయిదు దినముల అంచనా. వారమునకు రెండు పర్యాయములు వెలువడు జిల్లావారీ వ్యవసాయ వాతావరణ సలహాలలో అది ఉండును. హెచ్చరికల రంగులను కూడ తెలిసికొనుడు. ఆకుపచ్చ అనగా భయము లేదు. పసుపు అనగా గమనించుచుండుడు. నారింజ అనగా సిద్ధముగా ఉండుడు. ఎరుపు అనగా వెంటనే చర్య తీసికొనుడు. పసుపు హెచ్చరికను పట్టుకొని “పెనుముప్పు” అని శీర్షిక పెట్టువారున్నారు. శీర్షికను దాటి లోపలి నాలుగు వాక్యములు చదువవలెను.

ధర కబురును చదువు విధము

“మిరపకు రికార్డు ధర” అని వార్త వచ్చును. మరునాడు బండి కట్టుకొని యార్డుకు పోయిన రైతుకు ఆ ధర దొరకదు. వార్త అబద్ధమా? కానక్కరలేదు. ఒక యార్డుకు 1,000 బస్తాలు వచ్చినవనుకొనుడు. అందు మేలురకము 10 బస్తాలకు క్వింటాలు 20,000 రూపాయలు పలికినది. 850 బస్తాలకు 14,000 రూపాయల చుట్టు పలికినది. మిగిలిన 140 బస్తాల తాలుకాయకు 7,000 రూపాయలు పలికినది. శీర్షికలోనికి ఎక్కునది ఆ 10 బస్తాల ధరయే.

అందుచేత మార్కెట్టు ధరల పట్టికలో గరిష్ఠ ధరను, కనిష్ఠ ధరను చూచి ఆగక, ఎక్కువ సరకు ఏ ధరకు అమ్ముడైనదో తెలుపు “మోడల్ ధర”ను చూడవలెను. పై ఉదాహరణలో అది 14,000. దానితోపాటు ఆనాడు ఎంత సరకు వచ్చినది, ఏ రకము, తేమ ఎంత అనునవి చూడవలెను. అట్లే “ఎగుమతులు యాబది శాతము పెరిగినవి” అన్నప్పుడు ఎంతనుండి ఎంతకు పెరిగినవని అడుగవలెను. రెండు బండ్లు మూడు బండ్లయినను యాబది శాతము పెరిగినట్లే!

సెల్‌ఫోనులోని బొమ్మలు, మాటలు

“కంటితో చూచినాను గదా” అని మనము ధైర్యముగా చెప్పుచుందుము. సెల్‌ఫోనులో చూచినది కంటితో చూచినట్లు కాదు. 2018లో దేశమున పలుచోట్ల పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి వ్యాపించినది. దానికి సాక్ష్యముగా తిరిగిన దృశ్యములలో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీ నగరములో పిల్లల భద్రతను గూర్చి ప్రజలను హెచ్చరించుటకు తీసిన చిన్న చిత్రము. పిల్లవానిని తిరిగి అప్పగించి హెచ్చరిక చూపు చివరి భాగమును ఎవరో కత్తిరించివేసిరి. మిగిలిన ముక్క నిజమైన అపహరణవలె కనిపించినది. ఆ వదంతులకు అమాయకులు బలియైరి. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలె జిల్లా రాయిన్‌పాడ గ్రామములో భిక్షాటనకై వచ్చిన సంచారజాతివారు అయిదుగురిని జనము కొట్టి చంపిరి.

అదే కాలమున మన తెలంగాణములోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో పోలీసు సూపరింటెండెంటుగా ఉండిన రెమా రాజేశ్వరిగారు మరొక మార్గము త్రొక్కిరి. పోలీసులు గ్రామములకు పోయి జనముతో కూర్చుండి మాటలాడిరి. డప్పు చాటింపుతోను, పాటలతోను ఆ దృశ్యములు బూటకమని తెలియజెప్పిరి. ఆ గ్రామములలో ప్రాణనష్టము జరుగలేదు. చదువు వచ్చినవానికిని, రానివానికిని అర్థమగునట్లు ఊరి భాషలో చెప్పినచో వదంతి నిలువదని దీనివలన తెలియుచున్నది.

అనేక చేతులు మారిన సందేశముపై వాట్సాప్‌లో రెండు బాణముల గుర్తు కనిపించును. ఆ గుర్తు కనిపించినచో ఇంకను జాగ్రత్తగా చదువవలెను. పాత వరదల బొమ్మను ఈనాటి వరదగా, వేరు దేశపు మిడుతల దండును మన జిల్లాదిగా పంపువారున్నారు. బొమ్మలోని దుకాణముల పేరుపలకలు, బండి నంబర్లు, పొలములోని పైరు చూచినచో అనేక పర్యాయములు గుట్టు బయటపడును. వేసవిలో కోతకు వచ్చిన వరిచేను జనవరి బొమ్మలో ఎట్లుండును? ఈ విషయములో రైతు కన్ను పట్టణవాసి కన్నుకన్న పదునైనది. ఇప్పుడు కృత్రిమ మేధతో నాయకుని గొంతును, ముఖమును అచ్చముగా పోలిన బూటకపు దృశ్యములు కూడ తయారగుచున్నవి. కావున బొమ్మను చూచి నిర్ణయింపక, ఆ సంగతి మరెక్కడ వచ్చినదో చూచి నిర్ణయింపవలెను.

పి.ఎం. కిసాన్ డబ్బు పడవలెనన్నచో ఈ లంకె నొక్కుడనియు, ఈ ఏ.పి.కె. ఫైలు దించుకొనుడనియు వచ్చు సందేశములను తాకరాదు. అట్టి ఫైలు ఫోనులో చేరి బ్యాంకు ఖాతాను ఊడ్చివేయగలదు. ఓ.టి.పి. సంఖ్యను ఎవ్వరికిని చెప్పరాదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. మొదటి గంటలలో తెలిపినచో డబ్బు చేతులు మారకుండ ఆపుటకు వీలుండును.

ప్రజాస్వామ్యమునకు, దీనికి సంబంధమేమి?

ఇంతవరకు చెప్పినది చదివి, “అయితే వార్తలన్నియు అబద్ధములే, పత్రిక చదువుటయే దండుగ” అని ఎవరైన అనవచ్చును. అది మరింత ప్రమాదకరమైన తలంపు. తాలు ఉన్నదని పంటనే కాల్చివేయుదుమా?

1943లో బెంగాలు కరువులో 20 నుండి 30 లక్షల మంది మరణించిరని అంచనా. అప్పుడు పరాయి ప్రభుత్వము, యుద్ధకాలము, వార్తలపై ఆంక్షలుండెను. కలకత్తా వీధులలో పడియున్న ఆకలిచావుల ఛాయాచిత్రములను ది స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ 1943 ఆగస్టు 22న అచ్చువేసిన పిమ్మటనే ఆ ఘోరము లోకమునకు తెలిసినది. స్వేచ్ఛగల పత్రికలు, ఎన్నికలు గల దేశములో అంతటి కరువుచావులు జరుగనియ్యరని ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ వాదించినారు. ఆకలి వార్త బయటికి వచ్చినచో పాలకుడు కదలక తప్పదు. కదలనిచో వోటు పోవును. తిండిగింజలు పండించు రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మన ప్రాంతమునందే మరొక నిదర్శనము ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువుకొనిన స్త్రీలు తమ పాఠములో సారావలన చెడిన కుటుంబపు కథ చదివి, అది తమ కథయే అని గుర్తించి, 1992లో సారా అంగడిని మూయించిరి. పత్రికలు ఆ వార్తను ఊరూర చేర్చినవి. ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అంతట సారా అమ్మకము నిషేధింపబడినది. చదివినదానిని తమ బ్రతుకుతో సరిపోల్చి చూచుటయే ఆ స్త్రీలు చేసిన పని. వార్తను చదువుట అనగా అదియే.

మన రాజ్యాంగము 19వ అధికరణములో భావప్రకటన స్వాతంత్ర్యమును ఇచ్చినది. చెప్పుటకు స్వేచ్ఛ ఉన్నచోట విని విచారించు బాధ్యత కూడ ఉండును. మనకు నచ్చిన పార్టీని పొగడు వార్తను పరీక్షింపక నమ్ముట, నచ్చనివారిని పొగడు వార్తను చదువకయే త్రోసివేయుట అందరిలోను ఉన్న బలహీనత. కావున మన మనస్సుకు మిక్కిలి తీపిగా తగిలిన వార్తనే ముందుగా తూర్పారబట్టవలెను. కోపము గాని, భయము గాని రేపిన సందేశమును ఒక రాత్రి ఆగిన తరువాతనే ఇతరులకు పంపవలెను.

ఊరివారు కలిసి చేయదగినది

ఈ పని ఒక్కనివలన కష్టము, పదిమందివలన సులభము. 1956లో పూనా పరిసర జిల్లాలలోని సుమారు 150 గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠులను నెలకొల్పిరి. రైతులు వారమునకు రెండు పర్యాయములు ఒకచోట కూర్చుండి ఆకాశవాణి వ్యవసాయ ప్రసంగము వినుచు, విన్నదానిని చర్చించి, తమ ఊరికి తగినది ఆచరణలో పెట్టుచుండిరి. సందేహములను వ్రాసి కేంద్రమునకు పంపుచుండిరి. విని, చర్చించి, పిదప ఆచరించు ఆ వరుస ఈనాటికిని మంచిదే. మనము విన్న వెంటనే ఆచరించుచున్నాము. నడుమ చర్చ జారిపోయినది.

మీ ఊరి గ్రంథాలయములో గాని, రైతు సంఘములో గాని వారమున కొక సాయంకాలము కూర్చుండుడు. భిన్నాభిప్రాయములు గల రెండు పత్రికలు తెప్పించి, ఒకే వార్తను రెండింటిలోను చదివి, ఏది రెండింటిలోను ఉన్నది, ఏది ఒకదానిలోనే ఉన్నది అని పోల్చుడు. ఆ వారము ఊరిలో తిరిగిన సందేశములలో ఒకదానిని తీసికొని విచారింపుడు. పంటల విషయములో సందేహమున్నచో వ్యవసాయ విస్తరణాధికారిని, కృషి విజ్ఞాన కేంద్రమును అడుగుడు. లేదా కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551కు ఫోను చేయుడు. కేంద్ర ప్రభుత్వ పథకములను గూర్చిన సందేహములకు పత్రికా సమాచార కార్యాలయము వారి నిజనిర్ధారణ విభాగము ఉన్నది. మీ ఊరి పనులకు ఎంత డబ్బు వచ్చినది, ఎంత ఖర్చయినది అనుటకు వదంతులతో పని లేదు. గ్రామసభలో అడుగుడు, లేదా 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు. 30 దినములలో జవాబు ఇయ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది.

గుర్తుంచుకొనవలసినవి

1. చెప్పినది ఎవరు, వారికి ఎట్లు తెలిసినది, మరెవరు చెప్పుచున్నారు అను మూడు ప్రశ్నలు వేయుడు.

2. వార్తను, అభిప్రాయమును, ప్రకటనను వేరుచేసి చదువుడు.

3. శీర్షికతో ఆగక లోపలి తేదిని, స్థలమును, అంకెలను చూడుడు.

4. ధరలలో మోడల్ ధరను, వానలో అయిదు దినముల అంచనాను, విత్తనములో సంచి చీటిని నమ్ముడు.

5. నిజమని తేలని సందేశమును ఇతరులకు పంపకుడు. పొరపాటున పంపినచో తప్పని తెలిసిన వెంటనే, పంపినవారందరికిని ఆ సంగతి తెలుపుడు.

ఈ అయిదింటిలో చివరిది కష్టమైనది. పదిమందిలో “నేను పంపినది తప్పు” అని చెప్పుటకు మనస్సు ఒప్పదు. కాని 2020లో అట్లు చెప్పినవారు ఊరికి నలుగురున్నను, కోళ్ల రైతుకు, మొక్కజొన్న రైతుకు కొంత నష్టము తప్పియుండెడిది. ఈ సాయంకాలమే మీ ఫోనులోనికి వచ్చిన చివరి సందేశమును తీసి, పై మూడు ప్రశ్నలు వేసి చూడుడు.